రబ్బరులో దాగిన పత్తి పోగు

పోయిన నెల సైజింగ్ ఖాతాలో గంజి కాచుడు గురించి రాస్తే అందరూ మంచిగనే చదివిండ్రు. ఒక చెల్లె ఫోన్ చేసి గంజి సంగతి పక్కన పెట్టి ఇంకోటి అడిగింది. ఆమె పెనిమిటి కుర్లా దిక్కు ఆటో నడుపుతడు. "అన్నా, ఇన్ని తెలుసంటవు గదా, టైర్లు ఎప్పుడు చూసినా నల్లగనే ఎందుకుంటయి? లారీలకు ఎన్నో రంగులు పూస్తరు, టైరుకు మాత్రం ఒక్కటే రంగు. మా చిన్నోడు అడుగుతుండు, నాకు జవాబు రాలే" అన్నది.

జవాబు సగం నా దగ్గరనే ఉండె. మిగిలిన సగం మా మనుమరాలి దగ్గర దొరికింది. అది బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడు. ఈ ఏడు దాని ప్రాజెక్టు రబ్బరు మీదనే. నేను చదివింది ఐదో తరగతి. అది ఇంగ్లీషులో చదువుకొని, మరాఠీ తెలుగు కలిపి నాకు చెప్పింది. నేను దాన్ని మిల్లు మాటల్లో పెట్టుకొని అర్థం చేసుకున్న. అట్లనే మీకు చెప్తున్న.

రబ్బరు మనకు కొత్తదేం కాదు. రింగ్ ఖాతాలో పనిచేసినవాళ్లను అడగండి. కింద గీతలు గీసిన ఉక్కు రోలరు, పైన రబ్బరు తొడుగు ఉన్న చిన్న రోలరు. ఆ తొడుగును కాట్ అంటం. రెండింటి నడుమ నుంచి పత్తి సాగిసాగి నూలవుతుంది. మా పెద్దల కాలంలో ఆ పై రోలరుకు తోలు తొడుగు ఉండేదట. మేం వచ్చేసరికి రబ్బరే. కాట్ మీద గాడి పడితే నూలు ఎగుడుదిగుడు వస్తది, సైడర్‌కు తిట్లు పడతయి. అప్పుడు కాట్లు విప్పి సాన పట్టించి మళ్లీ ఎక్కించేది. రోజంతా వేల పోగులు రాసుకుంటా పోతే ఎంత గట్టి రబ్బరైనా అరగకుండ ఉంటదా? రబ్బరుకు బలం ఎక్కడి నుంచి వస్తది అన్నది మిల్లువాళ్లకు కడుపుకూటి ప్రశ్న.

ఇప్పుడు మొదటి నుంచి చెప్త. రబ్బరు చెట్టు పుట్టిల్లు బ్రెజిల్. మన దేశంలో ఎక్కువ కేరళలో పండుతుంది, దాని తర్వాత త్రిపురలో. తెల్లారుజామున చెట్టు బెరడుకు ఏటవాలుగా సన్నటి గాటు పెడితే పాలు కారుతయి. ఆ పాలలో మూడో వంతు రబ్బరు, మిగిలింది ఎక్కువగా నీళ్లే. పాలల్ల కొంచెం ఆమ్లం పోస్తే, మనం పాలు విరగ్గొట్టినట్టే, రబ్బరు గడ్డ కడుతుంది. దాన్ని రోలర్ల నడుమ పెట్టి రేకులు చేసి పొగలో ఆరబెడతరు.

ఆ పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిగుసుకపోతుంది. ఎందుకంటే లోపల ఉన్నవి పొడుగాటి పోగులు. కంటికి కనపడవు గాని పోగులే. చిక్కుపడ్డ నూలు గుట్ట అనుకోండి. లాగితే సాగుతుంది, ఇంకా లాగితే పోగులు ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోతయి. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే అది జారకుండ నిలబడుతుందని కనుక్కున్నడు. గంధకం పోగుకు పోగుకు నడుమ ముడి వేస్తుంది. వల అల్లినట్టు. ముడి ఉన్నది కాబట్టి లాగి విడిచిపెడితే మళ్లీ తన జాగాకు వస్తుంది. అంత పెద్ద సంగతి కనుక్కున్న మనిషి అప్పులతోనే చనిపోయిండు. ఆయన పేరు పెట్టుకున్న టైర్ల కంపెనీ ఆయనది కాదు, ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు వేరేవాళ్లు పెట్టుకున్నది.

ముడి వేసినంత మాత్రాన టైరుకు సరిపోదు. రోడ్డు మీద రాసుకుంటే అరిగిపోతుంది. మొదట్లో టైర్లు తెల్లగా, పాలిపోయిన రంగులో ఉండేవి. మిషెలిన్ కంపెనీ బొమ్మ చూసిండ్రు గదా, టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన లావుపాటి మనిషి? 1898లో గీసిన బొమ్మ అది. ఇప్పటికీ తెల్లగనే ఉంటడు, అప్పుడు టైర్లు అట్ల ఉండేవి కాబట్టి. తర్వాత 1904 ప్రాంతంలో లండన్‌లోని ఒక రబ్బరు కార్ఖానాలో మసి కలిపి చూసిండ్రు. కార్బన్ బ్లాక్ అంటరు. బరువైన నూనెను గాలి సరిగ్గా ఆడకుండ కాలిస్తే వచ్చే సన్నటి నల్లటి పొడి. కాటుకకు దీపం మీద పళ్లెం పట్టినట్టే, కాకపోతే కార్ఖానా అంత పెద్దది. ఆ మసి కలిపితే రబ్బరు చిరగదు, తొందరగా అరగదు. ఎండ దెబ్బ కూడా తక్కువ తగులుతుంది. అందుకే టైర్లన్నీ నల్లగైనయి. ఇయ్యాల టైరు బరువులో సుమారు నాలుగో వంతు ఇట్లాంటి పొడులే. చెల్లె కొడుకుకు జవాబు ఇది.

కాని ఆ మసి భూమి నుంచి తోడిన నూనెతో వస్తుంది. తయారు చేస్తే పొగ, పీలిస్తే దుమ్ము. మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి వరుసలో దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ సంస్థ పెట్టింది. టైరు ముట్టుకుంటే వస్తదని కాదు, ఆ పొడి నడుమ ఏండ్లకేండ్లు పనిచేసేవాళ్ల గురించి ఆ మాట. అందుకని మసికి బదులు చెట్టు చేమల నుంచి ఏమన్న దొరుకుతదా అని చాన ఏండ్లుగా వెతుకుతుండ్రు. దొరికింది ఏందో తెలుసా? మనం పుట్టినకాడి నుంచి చేతుల్లో తిప్పినదే.

పత్తి పోగును తీసుకోండి. నూలు పోగు కాదు, దూది నుంచి లాగిన ఒక్క వెంట్రుక. మనిషి వెంట్రుక కన్న అది మస్తు సన్నం. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా సెల్యులోజ్. కట్టెలో, అరటి బోదెలో, చెరుకు పిప్పిలో, గడ్డిలో కూడ అదే ఉంటది, పాలు తక్కువ, అంతే. ఆ ఒక్క వెంట్రుక లోపల ఇంకా సన్నటి పోగులు కట్టలు కట్టలుగా పేనుకొని ఉంటయి. వాటి లోపల ఇంకా సన్నటివి. మనం మిల్లులో దూదిని పేని నూలు చేసినం, ఆ దూది వెంట్రుకను చెట్టు ముందే పేని పెట్టింది. ఆఖరి పోగు ఎంత సన్నం అంటే, ఒక మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక్క ముక్కను నానోమీటర్ అంటరు. అసుంటివి ఐదు నుంచి ఇరవై దాకా దాని మందం. అందుకే దాన్ని నానో సెల్యులోజ్ అంటుండ్రు. బరువుకు బరువు చూస్తే దాని బిగువు ఉక్కుకు తీసిపోదు.

దాన్ని విడదీసుడు రెండు తీర్లు. ఒకటి, గంధకామ్లంలో ఉడికించుడు. పోగులో మెత్తటి చోట్లు కరిగిపోయి గట్టి ముక్కలు మిగులుతయి, బియ్యపు గింజ తీరు పొట్టిగా. రెండోది, నీళ్లలో నానబెట్టి రాళ్ల నడుమ, లేకపోతే సన్నటి సందులోంచి గట్టి ఒత్తిడితో మళ్లీ మళ్లీ పంపి చీల్చుడు. అప్పుడు పొడుగు పోగులు వస్తయి. నూరు పాళ్ల నీళ్లలో రెండు పాళ్లు ఉన్నా చాలు, గంజి తీరు చిక్కగ అవుతుంది. మా మనుమరాలు సీసాలో తెచ్చి చూపెట్టింది. నేను వేలు పెట్టి చూసి, "ఇది సైజింగ్ ఖాతా గంజే గదా" అన్న. "గంజి కూడ సెల్యులోజ్‌కు చుట్టమే తాతా" అన్నది. రెండూ ఒకే తీరు చక్కెర గింజలు గుచ్చిన దండలట. గుచ్చిన తీరు వేరు, అందుకే ఒకటి తింటం, ఒకటి కట్టుకుంటం.

ఈ పోగులను రబ్బరులో కలుపుడు అసలు కష్టం. సెల్యులోజ్‌కు నీళ్లంటే ప్రాణం, రబ్బరుకు నీళ్లంటే పడదు. ఎండిన పొడి తెచ్చి రబ్బరు ముద్దలో కలిపితే, గంజిలో పిండి ఉండలు కట్టినట్టు అక్కడక్కడ గడ్డలు కడుతుంది. గడ్డ ఉన్న చోటనే రబ్బరు తెగుతుంది. బలానికి వేసింది బలహీనం చేస్తుంది. ఒక్కసారి పూర్తిగా ఎండితే ఆ పోగులు మళ్లీ విడిపోవుడు కూడ కష్టమే, ఒకదానికొకటి అతుక్కుంటయి. మరి ఏం చేస్తరు? రబ్బరు గడ్డ కట్టకముందే, పాలుగా ఉన్నప్పుడే కలుపుతరు. పాలు నీళ్లతో ఉన్నయి, పోగులు నీళ్లతో ఉన్నయి. రెండు నీళ్లు కలుస్తయి, పోగులు అంతటా పరుచుకుంటయి, తర్వాత నీళ్లు తీసేస్తరు. ఈ ఉపాయం చెప్పినప్పుడు నాకు మస్తు నచ్చింది. కలుపుడులో ఎప్పుడు కలపాలన్నదే సగం పని. సైజింగ్‌లో చేసినవాళ్లకు ఇది వేరే చెప్పాల్నా?

ఇంకో ఉపాయం కూడ ఉన్నది. పోగు పైపొరకు ఏదన్న మందు అంటించి, నీళ్ల మీద దాని మోజు తగ్గించి, అప్పుడు రబ్బరులో కలుపుడు. అది ఖర్చుతో కూడిన పని అని మా పిల్ల చెప్పింది. దాని జోలికి పోను.

ఈ తీరు పనికి బాట వేసింది ఫ్రాన్స్ దేశంలోని గ్రెనోబుల్ ఊరువాళ్లు. 1995లో వాళ్లు ఒక కృత్రిమ రబ్బరు పాలలో సెల్యులోజ్ ముక్కలు కలిపి ఎంత బిగువు వస్తుందో చూపించిండ్రు. ఆ సెల్యులోజ్ చెట్టుది కాదు, సముద్రంలో రాళ్లకు అంటుకొని బతికే ఒక జీవి తోలు నుంచి తీసింది. జంతువులో సెల్యులోజ్ ఉండుడే వింత. కొన్ని పాళ్లు పడంగనే ఆ ముక్కలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని లోపల జాలి కడతయట. ఆ జాలి వల్లనే బిగువు. తర్వాత పత్తి, కట్టె, అరటి నార, వెదురు, ఏది చేతికందితే దానితో చేసి చూసిండ్రు, చెట్టు రబ్బరులోనూ కలిపిండ్రు. కేరళలో కొట్టాయంలోని మహాత్మా గాంధీ యూనివర్సిటీలో సాబు థామస్ అనే ప్రొఫెసర్, ఆయన శిష్యులు ఈ పని మస్తు చేసిండ్రని మా పిల్ల పుస్తకాల్లో ఆ పేరు మాటిమాటికి వస్తుంది.

మనకు దగ్గర కూడ ఒకటున్నది. మాటుంగాలో అడెన్‌వాలా రోడ్డు మీద పత్తి పరిశోధన సంస్థ, సిర్‌కాట్ అంటరు, 1924 నుంచి ఉన్నది. దాదర్ నుంచి సయన్ దిక్కు పోయే మనవాళ్లలో దాని గురించి తెలిసినవాళ్లు ఎందరు? మన మిల్లులకు వచ్చే పత్తి పొడుగెంత, బలమెంత అని కొలిచే విద్యంతా అక్కడ నడిచేది. 2015లో అక్కడ పత్తి నుంచి నానో సెల్యులోజ్ తీసే చిన్న కార్ఖానా పెట్టిండ్రు, నమూనాకు. మిల్లులు పోయినయి, చిమ్నీల జాగాలో అద్దాల మేడలు లేచినయి. పత్తిని ఇంకా విప్పి విప్పి చూస్తున్న ఇల్లు మాత్రం ఈ ఊళ్లో ఒకటి మిగిలింది. నాకు అది మంచిగ అనిపించింది.

టైరులోకి వచ్చిందా అంటే, వచ్చింది. జపాన్‌లో సుమితోమో అనే కంపెనీ 2019 డిసెంబరులో సెల్యులోజ్ నానో పోగులు కలిపిన కారు టైరు అమ్మకానికి పెట్టింది. అట్లని మసి పోలేదు, ఆ టైరు కూడ నల్లదే. మనం ఇంకో సంగతి యాది పెట్టుకోవాలె. టైరులో పత్తి ఉండుడు కొత్త కాదు. మొదటి రోజుల్లో టైరు లోపల బలానికి వేసింది నూలు కాన్వాసే. తర్వాత రేయాన్ వచ్చింది, అది కూడ కట్టె గుజ్జు నుంచి తీసిన సెల్యులోజే. ఆ వెనుక నైలాన్, పాలిస్టర్ వచ్చి నూలును వెళ్లగొట్టినయి. వెళ్లగొట్టిన నూలే ఇప్పుడు కంటికి కనపడని వేషంలో మళ్లీ వస్తుంది.

మా పిల్ల ఇంటికి రెండు రబ్బరు పట్టీలు తెచ్చింది. గంధకం ముందే కలిపిన రబ్బరు పాలు గాజు పళ్లెంలో పోసి ఆరబెట్టినవి. ఒకటి ఉత్త రబ్బరు, ఇంకోటి నూరు పాళ్లకు మూడు పాళ్లు నానో సెల్యులోజ్ కలిపింది. "లాగి చూడు తాతా" అన్నది. ఉత్తది సులువుగా సాగింది. కలిపినది లాగుతుంటే చేతికి ఎదురు తిరిగింది, బిగువు తెలుస్తుంది. కాని ఉత్తది సాగినంత పొడుగు సాగలే. "బిగువు పెరిగితే సాగుడు తగ్గుతది, రెండూ ఒక్కసారి కావాలంటే కుదరది" అన్నది. నూలులో కూడ అంతే గదా, ట్విస్ట్ ఎక్కువ పెట్టినకొద్ది నూలు గట్టిపడతది, ఒక హద్దు దాటితే పెళుసైతది.

దీన్ని ఎక్కువ పొగిడేవాళ్లు కూడ ఉన్నరు, అందుకే ఇంకో దిక్కు కూడ చెప్తున్న. రోడ్డు మీద అరుగుడును తట్టుకునే సంగతిలో మసిని ఓడించుడు ఇంకా కాలే. నీళ్లు తగిలితే ఈ పోగులు తేమ పీల్చుకుంటయి, పట్టు సడలుతుంది. బొంబాయి వానలో నాలుగు నెలలు నానే ఆటో టైరుకు ఇది చిన్న సంగతి కాదు. విడదీసుడుకు కరెంటు, ఆమ్లం, కడుగుడుకు నీళ్లు మస్తు కావాలె. "చెట్టు నుంచి వచ్చింది" అంటే ఉచితం కాదు, శుద్ధమైనదని కూడ కాదు. రబ్బరు పాలలో అచ్చులు ముంచి తీసే చేతి తొడుగులకు మాత్రం ఇది మంచిగ కుదురుతుందని నా మనసు చెప్తుంది. అక్కడ ఎట్లైనా పని పాలతోనే గదా. మన చాలీలలో ఎందరో ఆడబిడ్డలు ఆసుపత్రుల్లో ఆయాలుగా, సఫాయి పనిలో ఉన్నరు. సగం పనిలో తొడుగు చిరిగితే వాళ్ల ప్రాణం మీదికి వస్తది. బలమైన తొడుగు ముందుగాల వాళ్ల చేతులకు రావాలె.

ఇంకొకటి. ఇయ్యాల బస్తీలో ప్రతిదానికి "నానో" అని పేరు పెట్టి అమ్ముతుండ్రు. నానో చెప్పులు, నానో నడుము పట్టీలు, మోకాళ్ల నొప్పికి నానో ప్యాడు. ఇంటి ముంగటికి వచ్చి నాలుగు వేలు అడిగితే, ఏం కలిపిండ్రు, ఎన్ని పాళ్లు, ఎవరు పరీక్ష చేసిండ్రు అని అడగండి. జవాబు రాకపోతే తలుపు వేసుకోండి. రబ్బరు మీద నిజంగ ఖర్చు పెట్టాల్సింది గ్యాసు పొయ్యి గొట్టం మీద. లోపల తీగ అల్లిక ఉండి, ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి. ఐదేండ్లకు మార్చండి, దాని మీద తేదీ ఉంటది. వంచితే పగుళ్లు కనపడితే ఐదేండ్ల దాకా ఆగొద్దు.

ఇప్పుడు నా మనసులో మెదిలేది చెప్త. మేం పత్తి దుమ్ము పీల్చినం. కార్డింగ్ ఖాతాలో పనిచేసినవాళ్లకు ఆదివారం సెలవు అయి సోమవారం పనికి పోంగనే ఛాతీ పట్టేసేది. బిస్సినోసిస్ అని దాని పేరు మాకు చాన ఏండ్లకు తెలిసింది. కార్మికుల జబ్బుల పట్టీలో అది ఉన్నది, నష్టపరిహారం కూడ ఉన్నది. కాని మా మిల్లులో మాకు ఎవరూ చెప్పలే, ముక్కుకు గుడ్డ కూడ మేమే తెచ్చుకున్నం. ఆ పాళీలో నాతో చేసిన వాళ్లలో ఇద్దరు దగ్గుతోనే పోయిండ్రు. అసుంటప్పుడు ఆ దుమ్ము కన్న వేల రెట్లు సన్నటి పోగు గురించి వింటే మొదట నాకు వచ్చే ఆలోచన, ఆ కార్ఖానాలో మూడో పాళీ చేసేది ఎవరు, వాడు ఏం పీలుస్తడు అన్నదే. మనుమరాలిని అడిగిన. "తడిగ ఉన్నంతసేపు గంజే తాతా, గాలిలోకి లేవది. ఎండబెట్టి పొడి చేసే కాడనే భయం. అక్కడ గాలి లాగే యంత్రాలు ఉండాలె, మంచి మాస్కులు ఉండాలె. ఊపిరితిత్తుల మీద ఎట్ల పనిచేస్తదో ఇంకా పరీక్షలు చేస్తనే ఉన్నరు" అన్నది. చెట్టుది కాబట్టి ఏం కాదు అని అనలే. ఆ మాటకే దాని మీద నాకు నమ్మకం కుదిరింది. పత్తి కూడ చెట్టుదే.

దానికి కొచ్చిన్ యూనివర్సిటీలో రబ్బరు చదువు చదవాలని ఉన్నది. అక్కడ పాలిమర్, రబ్బరు చదువుకు వేరే విభాగమే ఉన్నది. పరీక్ష రాసింది, ఫలితం రావాలె. మా కొడుకు వద్దంటుండు. ఆడపిల్ల, అంత దూరం, భాష రాదు, తిండి పడదు, ఇక్కడనే బ్యాంకు పరీక్షలు రాయించుదాం అంటడు. వాని భయం వట్టిది అని నేను అనను. పిల్లను కన్నవాడు వాడు. కాని మా నాయన కరీంనగర్ పల్లె నుంచి పదిహేనేండ్ల వయసులో, మరాఠీ ముక్క రాకుండ, చేతి సంచితో బొంబాయి వచ్చిండు. సాంచా నడిపే మనిషి వెంట తిరిగి పని నేర్చుకున్నడు. ఆయన రాకపోతే మా ఇంటికి ఈ చాలీ లేదు, ఈ పత్రికలో నా రాతా లేదు. ఆయనకు అప్పుడు ఎవరూ హాస్టల్ ఇయ్యలే. దీనికి హాస్టల్ ఉన్నది, ఫోను ఉన్నది, కల్యాణ్ నుంచి కేరళకు నేరుగా రైలు ఉన్నది. భిషీలో నా వంతు వచ్చే నెల ఎత్తుత. ఫీజుకు సరిపోకపోయినా మొదటి టర్ము గడుస్తది. కొడుకుకు ఈ సంగతి ఇంట్లో రెండుసార్లు చెప్పిన, ఇప్పుడు అచ్చులో మూడోసారి. చదువుతడని తెలుసు.

మన పిల్లల్లో సైన్సు చదివి ఇసుంటి ప్రాజెక్టులు చేసేవాళ్లు ఇంకెవరన్న ఉంటే రాయండి, ఏ చాలీ, ఏ కాలేజీ అని. రాసుడు రాకపోతే ఆదివారం పొద్దున గుడి పక్కన కట్ట మీద కూర్చుంటం, వచ్చి చెప్పండి. వచ్చే నెల గిరణి కార్మికుల ఇండ్ల లాటరీ కాగితాల గురించి రాస్త. చాన మంది వారసుల పేర్ల దగ్గర తిప్పలు పడుతుండ్రు. ఎవరి దగ్గరన్న పాత పగార్ చీటీలు, టికెట్ నంబరు కాగితాలు ఉంటే పారెయ్యకండి.